కత్తికి ఒర చేయిస్తున్నారా? పనివాడికి ఏం చెప్పాలి, ఏం అడగాలి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నేపాలీ ఖుక్రీ ఒరలో మాత్రం మూడు ఇముడుతాయి. పెద్ద కత్తితో పాటు వెనక వైపు రెండు చిన్న అరల్లో కర్ద, చక్‌మక్ అనే రెండు పనిముట్లు ఉంటాయి. కర్ద చిన్నాచితకా పనులకు వాడే చాకు. చక్‌మక్‌కు పదునుండదు. కత్తి అంచు సరిచేయడానికీ, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టించడానికీ దాన్ని వాడతారు. ఈ మూడూ పక్కపక్కన ఇమిడి, కదలకుండా ఉండి, కావాల్సినప్పుడు సులువుగా బయటికి రావాలంటే ఒర చేసేవాడికి మూడింటి కొలతలూ ముందే తెలిసి ఉండాలి.

కత్తి కొనడం తేలిక. దానికి సరైన ఒర చేయించుకోవడమే కష్టం. వంటవాళ్లు, తోటపని చేసేవాళ్లు, పర్వతారోహకులు, తాతల నాటి కత్తిని భద్రంగా దాచుకోవాలనుకునేవాళ్లు ఏదో ఒక రోజు తోలుపని చేసేవాళ్ల దగ్గరికో, వడ్రంగి దగ్గరికో వెళ్లాల్సి వస్తుంది. చాలాసార్లు అక్కడ పని చెడేది చేతకాకపోవడం వల్ల కాదు, మాట సరిగ్గా చేరకపోవడం వల్ల. ఒకసారి కోసిన తోలును మళ్లీ అతికించలేం కాబట్టి, చెప్పాల్సినవన్నీ కోతకు ముందే చెప్పాలి.

ఒర చేసే మూడు పనులు

తెలుగులో ఒర, కన్నడంలో ఒరె, తమిళంలో ఉరై ఒకే కుదురులోని మాటలు. హిందీలో మ్యాన్ అంటారు, నేపాలీలో దాప్ అంటారు. పేరేదైనా ఒరకు మూడు పనులుంటాయి. కత్తి పదునును కాపాడాలి. మనిషి ఒంటిని కత్తి నుంచి కాపాడాలి. అక్కర్లేనప్పుడు కత్తిని వదలకుండా, అక్కరకు వచ్చినప్పుడు ఒక్క చేత్తో లాగితే వచ్చేలా పట్టి ఉంచాలి.

మోకు, ముస్తాదుతో తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి ఈ మూడో పని ప్రాణంతో సమానం. నడుము దగ్గర కత్తి జారితే కింద ఉన్నవాడికి ప్రమాదం, బిగుసుకుపోతే పైన ఉన్నవాడికి ప్రమాదం. వంటింటి చాకుకు వేసే తొడుగుకు ఇంత బాధ్యత ఉండదు. అందుకే పనివాడికి ముందుగా చెప్పాల్సింది ఒర ఎలా కనిపించాలో కాదు, కత్తితో ఏం చేస్తారో. ‘నడుముకు కట్టుకుని బైకు మీద వెళ్తాను’ అన్న ఒక్క మాటతో అనుభవమున్న పనివాడు ఒర ఆకారాన్నే మార్చేస్తాడు. బెల్టుకు బిగుతుగా అతుక్కున్న పొడుగాటి ఒర కూర్చున్నప్పుడు తొడకో డొక్కకో పొడుచుకుంటుంది. వదులైన లూపుతో కిందికి వేలాడే ఒర అయితే పక్కకు తప్పుకుంటుంది.

ఒకే పేరు, వేర్వేరు పనులు

మన ఉపఖండంలో ఒరలు ఒక్క రకం కాదు, వాటిని చేసే చేతులూ ఒక్కటి కాదు.

ఖుక్రీ దాప్ లోపల చెక్క. కత్తి వంపుకు తగ్గట్టు తొలిచిన రెండు చెక్క ముక్కలను కలిపి, పైన పల్చటి గేదె తోలు తొడుగుతారు. కింది కొనకు లోహపు టోపీ ఉంటుంది. నేపాల్ కొండల్లో సంప్రదాయంగా కత్తిని కామీలు, తోలుపనిని సార్కీలు చేస్తూ వచ్చారు. అంటే మీరు మాట్లాడుతున్నది ఒక్కరితోనే అయినా, పని రెండు చేతులు మారవచ్చు. ఖుక్రీకి ఇంకో చిక్కుంది. దాని అలుగు పిడి దగ్గర సన్నగా, మధ్యలో పొట్టలా వెడల్పుగా ఉంటుంది. ఆ పొట్ట దూరాలంటే ఒర మూతి కూడా వెడల్పుగా ఉండాలి, అప్పుడు పిడి దగ్గర ఖాళీ మిగులుతుంది. అక్కడ కత్తి వదులుగా ఊగకుండా ఏం చేస్తారో అడగడం మీ హక్కు.

కొడగులో పీచె కత్తికి వెండి పని చేసిన ఒర, గొలుసు ఉంటాయి. నడుముకు చుట్టిన చేలెలో దాన్ని ముందు వైపు దోపుకుంటారు. అదే కొడవల ఒడి కత్తికి ఒరే ఉండదు, వీపు వెనక తోడంగ్ అనే ఇత్తడి పట్టులో నిలబడుతుంది. సిక్కుల కిర్పాణ్ ఒరకు భుజం మీదుగా వేసుకునే గాత్రా అనే పట్టీ తోడుండాలి. ఇలాంటివి ఆచారంతో ముడిపడినవి కాబట్టి అలవాటున్న పనివాళ్లకే అప్పగించడం మంచిది. వంటకో, తోటకో, ప్రయాణానికో వాడే మామూలు చాకుకు మాత్రం జీను, బెల్టు, చెప్పుల పని తెలిసినవాళ్లెవరైనా ఒర కుట్టగలరు. గుర్రపు జీన్ల తయారీకి భౌగోళిక గుర్తింపు పొందిన కాన్పూర్‌లోనూ, చెన్నై, కోల్‌కతా, ముంబయి ధారావిల్లోనూ ఇలాంటి పనివాళ్లు ఎక్కువ.

కొలతలు: ఫొటో ఒక్కటే చాలదు

ఫోన్‌లో ఫొటో తీసి పంపి, ‘దీనికి ఒర కావాలి’ అనడం ఇప్పుడు మామూలైంది. ఫొటోలో ఆకారం తెలుస్తుంది కానీ కొలత తెలియదు. ఏటవాలుగా తీస్తే ఆకారం కూడా తప్పే. అంతకంటే నమ్మదగిన పద్ధతి కాగితం మీద గీత.

మందపాటి అట్ట మీద కత్తిని పడుకోబెట్టి, పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని చుట్టూ గీయాలి. పెన్సిల్ మందం వల్ల గీత కత్తికి కొంచెం బయట పడుతుంది. ‘ఇది కత్తి చుట్టూ గీసిన గీత, కుట్టుకు వదిలిన స్థలం ఇందులో లేదు’ అని దాని మీదే రాయాలి. ఈ ఒక్క వాక్యం లేక, పనివాడు మీ గీతనే కోత గీత అనుకుంటే, ఒరలో కత్తి పట్టదు.

గీతలో కనిపించనిది మందం. అలుగు వెన్ను మందాన్ని పిడి దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి కొలవాలి. పిడి చుట్టుకొలత, పిడికీ అలుగుకీ మధ్య లోహపు కట్టు ఉంటే దాని వెడల్పు, మందం కూడా ఇవ్వాలి. పిడి సగం వరకు లోపలికి దిగే ఒరకైతే ఈ కొలతలే అసలు కొలతలు.

బొమ్మను స్కాన్ చేసి పంపితే ఇంకో ఉచ్చు ఉంది. ప్రింట్ తీసేటప్పుడు కాగితానికి సరిపడేలా కుదించే సెట్టింగు ఆన్‌లో ఉంటే బొమ్మ చిన్నదైపోతుంది. బొమ్మ పక్కనే సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీయండి. అవతలివాళ్లు ప్రింట్ తీసి ఆ గీతను స్కేలుతో కొలిస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

అన్నింటికన్నా మంచిది నకలు కత్తి. కత్తి మందమే ఉన్న ప్లైవుడ్ ముక్కను అదే ఆకారంలో కోయించి పంపితే పనివాడు దాని మీదే తోలును తడిపి అచ్చు తీయగలడు. అసలు కత్తిని కొరియర్‌లో పంపాల్సిన అవసరం తప్పుతుంది.

అంగుళమా, మిల్లీమీటరా, నూలా?

కొలతల భాష ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. తెలుగు వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు, హిందీ ప్రాంతాల్లో సూత్ అంటారు. 4 సూత్‌లంటే అర అంగుళం, సుమారు 12.7 మిల్లీమీటర్లు. ‘నాలుగు’ అని మాత్రమే చెబితే ఒకరు 4 మిల్లీమీటర్లు అనుకుంటారు, ఇంకొకరు 4 సూత్‌లు అనుకుంటారు. తేడా మూడు రెట్లు. తోలు మందాన్ని కొందరు ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సు సుమారు 0.4 మిల్లీమీటర్లు, కాబట్టి 8 ఔన్సుల తోలంటే 3.2 మిల్లీమీటర్ల మందం. ఏ కొలతయినా అంకె పక్కన ప్రమాణం రాయండి. వీలైతే రెండు ప్రమాణాల్లోనూ రాయండి.

ఎడమ అంటే ఎవరి ఎడమ?

ఒర పనిలో తరచూ జరిగే పొరపాటు ఇదే. ‘ఎడమ వైపు ఒర’ అంటే ఎడమ నడుముకు కట్టుకునేదా, ఎడమ చేతివాటం వాళ్లదా? ఎదురుగా నిలబడి చూసేవాడికి ఎడమ ఏది? ఇలా చెప్పడం మేలు: ‘కుడి నడుముకు కట్టుకుంటాను. కుడి చేత్తో లాగుతాను. ఒరలో ఉన్నప్పుడు పదును వైపు నా వెనక్కి ఉండాలి.’ బెల్టుకు ఒర ఎక్కడ రావాలో అక్కడ ఒక అట్టముక్క దోపుకుని ఫొటో తీసి పంపితే వాదనే ఉండదు.

బెల్టు వెడల్పు కూడా చెప్పాలి. మగవాళ్ల బెల్టులు చాలావరకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి. లూపు ఇరుకైతే బెల్టు దూరదు, మరీ వదులైతే లాగినప్పుడల్లా ఒర కూడా పైకి లేస్తుంది.

ఏ తోలు, ఏ పదును?

తోలును ఎలా ఊనారన్నది ఒరకు కీలకం. చెట్ల బెరళ్లు, కాయలతో ఊనిన తోలు గట్టిగా ఉంటుంది. తడిపి అచ్చు తీస్తే ఆ ఆకారంలోనే ఆరి నిలబడుతుంది. క్రోమియం లవణాలతో ఊనిన తోలు మెత్తన. సంచులకూ చెప్పుల పైభాగాలకూ బాగుంటుంది కానీ ఆకారం నిలపదు, పైగా తేమ తగిలితే కార్బన్ ఉక్కుకు తుప్పు తెచ్చే అవకాశం ఎక్కువ. కోసిన అంచు లోపల నీలం బూడిద రంగు ఛాయ కనిపిస్తే అది క్రోమ్ తోలు కావచ్చు. లోపలంతా గోధుమ రంగుంటే చాలావరకు బెరడుతో ఊనినది. రంగు వేసిన తోలులో ఇది తేలిగ్గా తెలియదు కాబట్టి అడగడమే మంచిది.

తోలు ఊనే ఈ పనికి మనకు దగ్గరి చుట్టరికముంది. తమిళనాడు నుంచి ఈస్ట్ ఇండియా తోలు పేరుతో ఎగుమతై, భౌగోళిక గుర్తింపు పొందిన తోలును సంప్రదాయంగా ఊనింది తమిళులు ఆవారం అనే చెట్టు బెరడుతో. అదే మన తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. కరక్కాయ కూడా ఈ పనిలో వాడేదే. తెలుగు పల్లెల్లో లందల్లో తోళ్లు నానబెట్టిన మాదిగల తరతరాల విద్య ఇదే. లందలు చాలా ఊళ్లలో పోయాయి కానీ ‘తంగేడు చెక్కతో ఊనిన తోలు దొరుకుతుందా’ అని అడిగితే పాత పనివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఏ జంతువు తోలన్నది కూడా అడగవచ్చు. కొందరికి అది నమ్మకానికి సంబంధించిన విషయం. దాన్ని ముందే మామూలుగా అడిగితే పనివాడూ మామూలుగానే చెబుతాడు. పనయ్యాక అడగడమే ఇబ్బంది.

కుట్టు మధ్య పట్టీ: తప్పక అడగాల్సిన ప్రశ్న

తోలు ఒరలో పదును అంచు ఎప్పుడూ కుట్టు వైపే ఉంటుంది. రెండు పొరల తోలును నేరుగా కలిపి కుట్టేస్తే, కత్తి పెట్టి తీసిన ప్రతిసారీ పదును దారాన్ని కొద్దికొద్దిగా తెంచుతుంది. ఒక రోజు కుట్టు విడిపోయి అలుగు బయటికి పొడుచుకొస్తుంది. ఇది జరగకుండా రెండు పొరల మధ్య, కుట్టు పొడవునా, ఒక తోలు పట్టీ ఇరికించి కుడతారు. పదును ఆ పట్టీకి తగిలి ఆగిపోతుంది, దారం దాకా రాదు. పట్టీ మందం అలుగు వెన్ను మందానికి దగ్గరగా ఉండాలి. అందుకే వెన్ను కొలత ఇవ్వమనేది.

చెప్పుల పని, సంచుల పని మాత్రమే చేసినవాళ్లకు ఈ పట్టీ అలవాటుండకపోవచ్చు. అది లోపం కాదు, వాళ్ల పనిలో దాని అవసరమే రాదు. కాగితం మీద ఒరను అడ్డంగా కోసినట్టు బొమ్మ గీసి, మధ్య పొరను చూపించండి.

కుట్టు చేతిదా, మిషన్‌దా అన్నది రెండో ప్రశ్న. రెండు సూదులతో ఒకే దారాన్ని ఎదురెదురుగా పోనిచ్చే జీను కుట్టులో ఒక చోట తెగినా మిగతాది నిలబడుతుంది. మిషన్ కుట్టు తెగితే వరసగా ఊడే ప్రమాదం ఎక్కువ. చేతికుట్టుకు గంటలు పడతాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. వానలో వాడేదైతే ఒర అడుగున నీరు కారడానికి చిన్న రంధ్రం పెట్టమనండి.

‘అయిపోతుంది’ అంటే ఒప్పుకున్నట్టేనా?

‘ఇది చేయగలరా?’ అని అడిగితే మన దేశంలో దాదాపు ఏ పనివాడూ చేయలేనని చెప్పడు. ‘హో జాయేగా’ అనో, ‘అయిపోతుంది’ అనో జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు, మర్యాద. వచ్చిన బేరాన్ని, ఇంటికొచ్చిన మనిషిని కాదనలేకపోవడం. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నల వల్ల మీకేమీ తెలియదు. వాటి బదులు ఇలా అడగండి: ‘దీనికి ఎంత మందం తోలు వాడతారు?’, ‘కత్తి కిందికి జారకుండా ఏం చేస్తారు?’, ‘ఇందులో కష్టమైన పని ఏది?’ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే చాలా విషయాలు చెబుతుంది. కష్టం ఎక్కడుందో చెప్పగలిగినవాడికి పని తెలుసు.

అలాగే, విదేశీ ఒర ఫొటో చూపించి ‘అచ్చం ఇలాగే’ అనకండి. 4 అంగుళాల తిన్నటి చాకుకు చేసిన ఒర, 10 అంగుళాల వంపు కత్తికి అదే రూపంలో రాదు. ఆ ఫొటోలో మీకు నచ్చింది ఏదో చెప్పండి. రంగా, బొత్తామున్న పట్టీనా, బెల్టు లూపా? మిగతాది వాళ్లకు వదిలేయండి.

మాట్లాడుకున్నదంతా నోటి మాటగా మిగలకూడదు. ఫోన్‌లో మాట్లాడాక చిన్న సందేశం రాసి పంపండి. చదవడం ఇబ్బందైన పనివాళ్లుంటారు. వాళ్లకు వాళ్ల భాషలో వాయిస్ మెసేజ్, దానితో పాటు అంకెలు వేసిన బొమ్మ పంపితే సరిపోతుంది.

ధర, గడువు, గౌరవం

ధర తోలుకు ఎంత, పనికి ఎంత, బొత్తాలు, బకిళ్లకు ఎంత అని విడిగా అడిగితే బేరం స్పష్టంగా ఉంటుంది. ధర తగ్గించాలంటే ఏది వదులుకోవాలో మీకూ తెలుస్తుంది. నగిషీ వదులుకోవచ్చు, మధ్య పట్టీని వదులుకోకూడదు. తోలు కొనడానికి సరిపడా అడ్వాన్సు ఇవ్వడం న్యాయం. మీ కత్తి కోసం కోసిన తోలు ఇంకెవరికీ పనికి రాదు. ఆర్డరు మధ్యలో మానుకుంటే ఆ నష్టం పనివాడు భరించాలనడం అన్యాయం.

రెండు చోట్ల ఆగి చూపించమని ముందే మాట తీసుకోండి. తోలు కోయకముందు అట్ట నమూనాను, కుట్టక ముందు కత్తి ఇమిడిన తీరును. ఈ రెండు చోట్లా మార్పు సాధ్యం, ఆ తర్వాత కాదు. గడువు అడిగేటప్పుడు పండగలు, పెళ్లిళ్ల కాలం లెక్కలోకి తీసుకోండి. తడిపి అచ్చు తీసిన తోలు వానాకాలంలో నెమ్మదిగా ఆరుతుంది. ఎండలో పెట్టి తొందరపెడితే బీటలిస్తుంది.

ఈ బేరం వెనక చరిత్ర ఉంది. తోలు ముట్టే చేతులను ఊరి చివర ఉంచి, ఆ చేతులు చేసిన చెప్పులు, డప్పులు, మోటబొక్కెనలు వాడుకున్న సమాజం మనది. భారత రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. నేపాల్ 1963 నాటి ములుకీ ఐన్‌తో కులవివక్షకు చట్టబద్ధత తీసేసి, 2011లో దానిపై ప్రత్యేక చట్టం తెచ్చింది. అయినా తోలుపనికి అడిగే ధరలో ఆ పాత లెక్క ఇంకా కనిపిస్తుంది. బ్రాండు దుకాణంలో రాసిన ధర మారు మాట్లాడకుండా ఇచ్చేవాళ్లు రోడ్డు పక్క పనివాడి దగ్గర సగానికి బేరమాడతారు. నువ్వు అని పిలవడం, పనయ్యాక ధర తగ్గించమనడం కూడా ఆ లెక్కలోవే. మీరు అని పలకరించి, ‘అన్నా’, ‘ఉస్తాద్’, నేపాల్‌లో ‘దాయ్’ అని పిలిచి, ఒప్పుకున్న ధర ఇస్తే ఆ మనిషి మరుసటి పనిలో మీకు లోపాలు కూడా దాచకుండా చెబుతాడు.

చట్టం ఏమంటోంది?

ఒర ఆయుధం కాదు. కత్తి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆయుధాల చట్టం కింది నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఖుక్రీ, కిర్పాణ్ పేర్లు కూడా అందులో కనిపిస్తాయి. ఇంటి అవసరాలకు, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఇలాంటి ఆయుధాలు దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. సిక్కులు కిర్పాణ్ ధరించడం మతస్వేచ్ఛలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే ఉంది. పెద్ద కత్తికి ఒర చేయిస్తున్నా, నేపాల్ నుంచి ఖుక్రీ తెచ్చుకుంటున్నా ముందుగా స్థానిక పోలీసులను అడగడం మంచిది. విమానంలో క్యాబిన్ సామానులో కత్తి పెట్టకూడదు.

ఆర్డరు ఇలా రాయవచ్చు

‘ఉస్తాద్ గారూ, తోటపని చాకుకు తోలు ఒర కావాలి. అలుగు పొడవు 125 మిల్లీమీటర్లు, వెడల్పు 30, వెన్ను మందం 4. అట్ట మీద గీసిన బొమ్మ పంపుతున్నాను. గీత కత్తి చుట్టూ గీసింది, కుట్టు స్థలం కలపలేదు. పక్కనున్న గీత 10 సెంటీమీటర్లు, ప్రింట్ తీశాక కొలిచి చూడండి. కుడి నడుముకు కట్టుకుని కుడి చేత్తో తీస్తాను, పదును వెనక్కి ఉండాలి. బెల్టు 38 మిల్లీమీటర్లు. బెరడుతో ఊనిన 3 మిల్లీమీటర్ల తోలు, మధ్యలో పట్టీ, చేతికుట్టు. అడుగున నీటి రంధ్రం. నగిషీ అక్కర్లేదు. అట్ట నమూనా ఒకసారి, కుట్టే ముందు ఒకసారి ఫొటో పంపండి. మీరు వేరేలా చేస్తే మంచిదనుకుంటే చెప్పండి.’

ఇందులో ముఖ్యమైనది చివరి వాక్యం.

ఒర చేతికొచ్చాక

మిగతా డబ్బు ఇచ్చే ముందు ఐదు నిమిషాలు కేటాయించండి. కత్తిని నెమ్మదిగా పెట్టి తీయండి. దారం తెగుతున్న చప్పుడు గానీ, పదును తోలును గీకుతున్నట్టు గానీ ఉంటే ఆపేయండి. మంచం మీద ఒరను తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఊపితే కత్తి జారకూడదు. తీసేటప్పుడు ఎడమ చేతి వేళ్లు కుట్టు వైపు చుట్టి పట్టుకోకండి. ఖుక్రీ దాప్ విషయంలో ఇది మరీ ముఖ్యం. అంచు వైపు అతుకు విడితే అలుగు నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. దాప్‌ను వెన్ను వైపు పట్టుకునే కత్తి లాగాలి.

కొత్త తోలు ఒర మొదట కొంచెం బిగుతుగా ఉండటం మంచిదే, వాడేకొద్దీ సర్దుకుంటుంది. మొదటి రోజే వదులుగా ఉన్నది మాత్రం మళ్లీ బిగుసుకోదు. నెలల తరబడి దాచే కత్తిని ఒరలో ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, కోస్తా ఊళ్లలో ఉక్కుకు అది చాలు తుప్పు పట్టడానికి. అలుగుకు నూనె రాసి, బట్టలో చుట్టి విడిగా పెట్టండి.

పనివాడి దగ్గర అట్ట నమూనా ఉంటే ఒకటి అడిగి తీసుకోండి. దాని మీద కత్తి పేరు, తేదీ, తోలు మందం రాసి పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత ఒర మార్చాల్సి వచ్చినా ఈ కొలతలన్నీ మళ్లీ తీయక్కర్లేదు.